రోజాపూలు రాలే చోటు

మొన్న మధ్యాహ్నం నాగవేణి ప్రొద్దుటూరు నుంచి వచ్చి నా బల్ల మీద మూడు సీడీలు పెట్టింది. పాత దిండు గలీబులో చుట్టి తెచ్చింది. ఒకటో సీడీ, మూడో సీడీ ఈ ఉదయమే అంగట్లో కొన్నట్లు తళతళలాడుతున్నాయి. రెండోది మాత్రం గీతలు పడి, వేలిముద్రలతో మసకబారి, పీచు పెట్టి తోమిన గిన్నెలా ఉంది. మూడింటి మీదా స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు నావే. ఇరవై రెండేళ్ల వయసులో నేను అంతంత తలకట్లు పెట్టి రాసేదాన్నని మరిచేపోయాను. అవి నాగవేణి పెండ్లి సీడీలు. కంప్యూటర్ మీద నేను మొదటి నుంచి చివరిదాకా ఒక్కదాన్నే ఎడిటింగ్ చేసిన మొదటి పెండ్లి అది. ఆ పెండ్లిలోంచి ఆమె తమ్ముడు చెన్నకేశవను తీసేసింది కూడా నేనే. ఈ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. ఇద్దరమూ దాన్ని సీడీల పక్కనే పెట్టుకుని కాఫీ తాగాం.

వాళ్ల నాయన ముందే పోయాడు, వాళ్లమ్మ పోయి ఏడాది కావస్తోందట. పులివెందులలో పుట్టింటిని ఖాళీ చేస్తుంటే రెండు సీడీలు బీరువాలో, చీరల మడతల కింద దొరికాయట. ఈ గీతల సీడీ మాత్రం టీవీ కింద ప్లేయర్‌లోనే ఉండిపోయిందట. మూడింటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇమ్మంది. ఇంకో చిన్న పని కూడా చెప్పింది. మధ్యలో తెరంతా రోజాపూలు రాలుతుంటాయి కదా, వాటిని చూసి వాళ్ల పిల్లలు పడీపడీ నవ్వుతున్నారట, వీలైతే అవి తీసేయమంది. చూద్దాంలే అని రెండో సీడీని డ్రైవ్‌లోకి తోశాను. అది గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. ఇప్పటి కంప్యూటర్లు నోరు మెదపవు కదా, ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో. నాగవేణి ఏదో చెబుతూనే ఉంది. నేను మాత్రం జమ్మలమడుగులో మా పాత ఇంటి నడిమింట్లో, నాపరాళ్ల చల్లదనం అరికాళ్లకు తగులుతుండగా నిలబడి ఉన్నాను.

మా నాయన మిషన్ స్కూల్లో డ్రాయింగ్ చెప్పేవాడు. ప్రొద్దుటూరులో ఎవరో కంప్యూటర్ సెంటర్ మూసేస్తున్నారని తెలిసి, ఎవరితోనూ చెప్పకుండా పోయి ఒకదాన్ని తెచ్చాడు. మానిటర్‌కు దుప్పటి చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాడట. దారిపొడవునా పక్కవాళ్లు ఏం టీవీ అని అడగడం, ఈయన టీవీ కాదని విడమరిచి చెప్పడం. దిగేసరికి తొడలు తిమ్మిరెక్కి, ఆ సాయంత్రమంతా కుంటుతూనే ప్రార్థనకు కూర్చున్నాడు. ఇల్లంతటికీ చల్లగా ఉండే మూలలో మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, వడ్ల బాన ఉండేది. దాన్ని జరిపి అక్కడ కంప్యూటర్ పెట్టారు. అమ్మ తన పెండ్లినాటి చీర కొంగు కత్తిరించి దానికి ముసుగు కుట్టింది. బాన జరిపినందుకు జేజి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు డబ్బా వెనక చెయ్యి పెట్టి చూసి, ఇది పడుకున్న ఆవు మాదిరి వెచ్చగా ఊపిరి వదులుతుందే అని, పాలల్లో తోడు వేసిన గిన్నెను తెచ్చి దాని పక్కన పెట్టింది. చలికాలంలో మా ఇంట్లో పెరుగు అంత గట్టిగా అంతకు ముందెప్పుడూ తోడుకోలేదు. నా చదువు, నా పని, నా తొలి సంపాదన అన్నీ ఆ పెరుగు గిన్నె పక్కనే మొదలయ్యాయి. ఇప్పటికీ వేడెక్కిన దుమ్ము వాసన వస్తే నా ముక్కు పుల్లటి పెరుగు వాసన కోసం వెతుకుతుంది.

వీడియో పని మా ఇంటికి తెచ్చింది ఖాదర్ మామ. మాకు చుట్టం కాదు, ఊరందరికీ మామ. చుట్టుపక్కల పెండ్లిళ్లన్నిటికీ కెమెరా ఆయనదే. తీసిన క్యాసెట్లు పట్టుకుని మిక్సింగ్ కోసం కడపకు తిరిగీతిరిగీ విసిగిపోయి ఉన్నాడు. డ్రాయింగ్ అయ్యవారింట్లో కంప్యూటర్ ఉందని విని వచ్చాడు. డబ్బా విప్పి లోపల ఒక కార్డు బిగించాడు, కెమెరా వైరు తగిలించాడు. అంతే, మైదుకూరు పెండ్లికొడుకు ఒకడు మా నడిమింట్లో ప్రత్యక్షమై తలపాగా సర్దుకున్నాడు. జేజి కొంగు తలమీదికి లాక్కుంది. డిగ్రీ అయిపోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను చూసి, ఈ పని బిడ్డకు నేర్పిస్తానన్నాడు మామ. ఆడపిల్ల బజార్లో స్టూడియోకు పోవాల్సిన పని లేదు కాబట్టి అమ్మ కూడా ఊ అంది.

నేర్పింది తక్కువ, నేర్చుకుంది తక్కువ, తడుముకుంది ఎక్కువ. తెర మీద పైన బొమ్మల పట్టీ, కింద మాటల పట్టీ ఉండేవి. పై పట్టీని ఒకచోట కత్తిరిస్తే కింది పట్టీ జరిగిపోయేది. అక్కణ్నుంచి పెండ్లి చివరిదాకా పెదాలు ఒకసారి ఆడితే మాట ఇంకోసారి వచ్చేది. పంతులు నోరు మూసుకున్నాక మంత్రాలు వినబడుతుంటే నాకు ఏడుపొచ్చేది. అందుకని నాకు తెలిసిన తప్పించుకునే దారి ఒకటే, కత్తిరించకుండా కప్పేయడం. మామ బెంగళూరు నుంచి తెచ్చిన ఒక సీడీలో విచ్చుకునే తామరలు, ఎగిరే పావురాలు, రాలే రోజాపూలు ఉండేవి, అన్నిటి వెనకా ముదురు నీలం తెర. మామ చెయ్యి వణికి బొమ్మ ఆడిపోయిన చోటా, ఎవరో కెమెరాకు అడ్డంగా విస్తరి పట్టుకుపోయిన చోటా రోజాపూలు రాల్చేసేదాన్ని. దాని మీద ఒక సినిమా పాట. అందరూ ఆహా అనేవాళ్లు. చివరికి అంతా కలిపి ఒకటి చేయడానికి కంప్యూటర్ పొద్దున మొదలుపెడితే సాయంత్రం అయ్యేది. తెర మీద నీలం గీత చీమకన్నా నెమ్మదిగా పోతుండేది. ఆ రోజు అమ్మ మిక్సీ వేసేది కాదు, ఎక్కడ కరెంటు అదురుతుందోనని రోట్లోనే చట్నీ నూరేది. నాయన చెప్పులు బయటే విడిచి మునివేళ్ల మీద నడిచేవాడు. పురిటి మనిషి ఉన్నట్లు ఇల్లంతా గుసగుసలతో గడిచేది.

ఆ రోజుల్లో నాకు ఇల్లు కదలకుండానే మూడు ఊళ్ల మనుషులు చుట్టాలయ్యారు. వాళ్లెవరికీ నేను తెలియదు. ఒక్కొక్కరినీ వెనక్కీ ముందుకీ తిప్పి, నెమ్మదిగా నడిపించి, వందసార్లు నవ్వించి చూసి ఉంటాను కదా, ప్రొద్దుటూరు బస్సులో ఎవరైనా కనబడితే పలకరింపుగా నవ్వేసేదాన్ని. వాళ్లు బిత్తరపోయి చూసేవాళ్లు. అట్లాంటి వాళ్లలో నాకు బాగా దగ్గరైనవాడు చెన్నకేశవ. మూడు వారాలు రోజూ చూశాను. పెద్ద చేతి గడియారం వదులై జారిపోతుంటే మాటిమాటికీ పైకి తోసుకునేవాడు. వడ్డించేవాళ్ల మధ్య, మేళం పక్కన, ముసలివాళ్ల కుర్చీల దగ్గర అన్నిచోట్లా తానే. ఎవరు ఏడుస్తున్నా పోయి ఏదో ఒకటి అని నవ్వించేవాడు. ప్రేమ అని అననుగానీ, అతను లేని క్యాసెట్ పెడితే పని బరువుగా ఉండేది. ఎదురుగా మాత్రం ఒక్కసారైనా చూడలేదు.

నాగవేణి పెండ్లి పని దాదాపు అయిపోయిందనగా ఒకరోజు ఖాదర్ మామ వచ్చాడు. ఎప్పుడూ పెరుగన్నం అడిగి మరీ తినేవాడు, ఆ రోజు గడప దగ్గరే నిలబడ్డాడు.

"సుగుణా, ఆ పిల్లోడు యాడా కనపడగూడదంట."

ఎవరు మామా అని అడిగాను.

"పెండ్లికూతురు తమ్ముడు. పార్టీ మారినాడు. ఇంట్లోకి రాగూడదని వాళ్ల నాయన తేల్చేసినాడు. ఆల్బంలో ఫొటోలు గూడా చించేసినారంట. రేపు మాపట్లకు సీడీలు ఇయ్యాల."

మా వైపు ఆ ఏండ్లలో పెండ్లి వీడియో అంటే ముచ్చట ఒక్కటే కాదు. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరు ఎవరికి ఆకు వక్క ఇచ్చారు అన్నది పదిమంది కూర్చుని చూసి లెక్క తేల్చుకునేవాళ్లు. పార్టీ ఒకటని, వర్గం ఒకటని, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగిన రోజులు. వేరేవాళ్ల చేతిలో పడితే, ఆ ముఖాలు గుర్తుపెట్టుకుని ఏ దారిలో కాచుకుంటారో అన్న భయం కూడా ఉండేది. అందుకే ఖాదర్ మామకు ఒక కట్టుబాటు ఉండేది. సీడీలు ఇవ్వగానే కెమెరా క్యాసెట్ల మీద ఇంకో పెండ్లి ఎక్కించి పాతది చెరిపేసేవాడు. నన్ను కూడా కంప్యూటర్‌లోంచి అంతా తుడిచేయమనేవాడు. జనాల ముఖాలు ఇంట్లో పెట్టుకోగూడదు బిడ్డా అనేవాడు. పిల్లోణ్ని తీసేయమన్న మాట విని మా నాయన, జరిగినదాన్ని జరగలేదని చూపించడం నేను పిల్లలకు నేర్పే పని కాదు అన్నాడు. ఖాదరన్న రోజూ ఆ ఊళ్లల్లో తిరగాల్సిన మనిషి అంది అమ్మ. నాయన గొడుగు తీసుకుని బయటికి పోయాడు. మిగిలింది నేనే.

మరుసటి రోజు కోడి కూయకముందే కూర్చున్నాను. కత్తిరించగలిగిన చోట కత్తిరించాను. అప్పగింతల దగ్గర మాత్రం కారు తలుపు పట్టుకుని సరిగ్గా మధ్యలో నిలబడి ఉన్నాడు. కత్తిరిస్తే మాటలన్నీ జరిగిపోతాయి, సరిచేసే తీరిక లేదు. రోజాపూలు రాల్చాను. నీలం తెర కింద అతను ఉన్న చోట, మొదటి రేకు భుజం మీద పడింది, తర్వాత గడియారం మీద, తర్వాత ముఖం మీద. జేజి పక్కనే కునుకు తీస్తోందని స్పీకర్లు పెట్టలేదు, వినకుండానే పాటలు అతికించాను. సాయంత్రం మామ వచ్చి మూడు సీడీలూ పట్టుకుపోయాడు. నేను కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి, ముసుగు కప్పి, అన్నం తినకుండా పడుకున్నాను.

ఆ ఎండాకాలంలోనే వేంపల్లె దారిలో చెన్నకేశవను బాంబులేసి చంపేశారు. పేపర్లో పేరు చూసి నాయన ఆ పేజీ మడిచి నా చేతికిచ్చాడు. తండ్రి శవాన్ని చూడడానికి పోలేదని ఖాదర్ మామ చెప్పాడు. పోనివ్వలేదో, పోలేకపోయాడో ఎవరికీ తెలియదు. నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం మా గడపలో ఒకామె నిలబడింది. నేను చూడగానే గుర్తుపట్టాను. వీడియోలో వందసార్లు చూసిన మనిషి. నాగవేణి వాళ్లమ్మ ఓబుళమ్మ. పులివెందుల నుంచి రెండు బస్సులు మారి, ఇంట్లో ఏదో మొక్కుబడి అని చెప్పి వచ్చింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ముసుగు కప్పిన కంప్యూటర్ ముందు కూర్చుంది.

"మా పిల్లోడు ఈ పెట్టెలో ఉన్యాడంట కదమ్మా. ఒక్కసారి చూపీ."

లేడమ్మా, తుడిచేశాను అన్నాను. క్యాసెట్ల మీద కూడా వేరే పెండ్లిళ్లు ఎక్కించేశారని చెప్పాను.

"తీసింది యాడో ఒకచోట పడేసింటావు కదా. పేలికలు గూడా పడేస్తే యాడో ఒకచోట ఉంటాయి."

గుడ్డ కత్తిరిస్తే ముక్క మిగులుతుంది. దీంట్లో ఏదీ మిగలదు. ఆమె ముసుగు పైకెత్తి డబ్బా మీద చెయ్యి పెట్టింది. పొద్దుటి నుంచి ఇంకెవరిదో పెండ్లి పని చేస్తున్నాను కాబట్టి అది వెచ్చగా ఉంది. చెయ్యి తీయకుండా అట్లాగే కూర్చుంది. జేజి డబ్బా పక్కనున్న పెరుగు చిలికి, ఉప్పేసి మజ్జిగ గ్లాసు ఆమె రెండో చేతిలో పెట్టింది. తాగింది. లేచి పోతూ పోతూ గడపలో ఆగి నన్ను చూసింది.

"ఆ పూలు రాలే కాడ ఉండేది వాడే. అవునా?"

అవునమ్మా అన్నాను.

"సరేలే" అని బస్టాండు వైపు నడిచిపోయింది.

ఆ తర్వాత నేను చాలా నేర్చుకున్నాను. మాట జరగకుండా బొమ్మను కత్తిరించడం, బొమ్మ చెదరకుండా మాటను తీసేయడం, ఒక మనిషి ఉన్నాడన్న జాడ కూడా లేకుండా తుడిచేయడం, అన్నీ. అక్కణ్నుంచి కాగితం మీదికి వచ్చి నాలుగు పుస్తకాలు రాసినా, అక్కడా చేసేది ఆ పనే, ఏది ఉంచాలి, ఏది తీయాలి. ఈమధ్య మా చెల్లెలి కూతురు ఫోను పట్టుకుని అన్నం తినేలోపల ఒక వీడియో చేసేసింది. వెనక నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషిని వేలితో రుద్దితే మాయమైపోయాడు. ఎట్లుంది పెద్దమ్మా అని అడిగింది. బాగుంది అన్నాను, బాగానే ఉంది కూడా. నాకు మాత్రం చీమలా పాకే ఆ నీలం గీత గుర్తొచ్చింది. ఒక మనిషిని తీసేయడానికి అప్పుడు ఒక పగలంతా పట్టేది, ఆ పగలంతా అతని ముఖం చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. ఆ మాత్రం బాధైనా ఉండేది.

రెండో సీడీ ఆగి ఆగి, చివరికి మొదలైంది. రంగులు వెలిసిపోయి, మనుషుల చుట్టూ పాలపొంగులా మసక. నాగవేణి తన పాతికేళ్ల కిందటి ముఖాన్ని చూసుకుని, అబ్బ, ఎంత సన్నగా ఉన్యానక్కా అని మురిసిపోయింది. చిన్నపిల్లలా కబుర్లు చెప్పుకుపోతోంది. వాళ్లమ్మ రోజూ అన్నాలయ్యాక ఈ రెండో సీడీనే పెట్టుకునేదట. తనెప్పుడు పుట్టింటికి పోయినా అదే తంతట. తమ్ముడు లేని పెండ్లి చూడలేక, పూలు మొదలవగానే తను లేచి వంటింట్లోకి పోయేదట.

"మా నాయన గూడా చూస్తాండె. ఎప్పుడూ ఒక్క మాట గూడా మాట్లాడడు గానీ, ఈ పూలు రాలే కాడికొస్తే రిమోటు తీసుకొని సౌండు పెంచుతాండె. ఆ పాట ఇష్టమేమో అనుకుంటాంటి."

తెర మీద కారు తలుపు తెరుచుకుంది. రోజాపూలు మొదలయ్యాయి. ముదురు నీలం తెర మీద ఎర్రటి రేకులు, ఒకదాని మీద ఒకటి, తీరిగ్గా తిరుగుతూ. వెనక పాట చివరి చరణం. పాట అయిపోయింది. తర్వాతి పాట మొదలయ్యేందుకు మధ్యలో చిన్న ఖాళీ ఉంది. ఆనాడు వినకుండా అతికించిన నా చేతకానితనం అది. ఆ ఖాళీలో పూల కింద నుంచి ఒక గొంతు పలికింది.

"అక్కా, ఏడవాకు. కాటిక కారితే వీడియోలో దయ్యం మాదిరి ఉంటావు."

ఒక నవ్వు. వెంటనే, ఇటు తిరిగి అన్నట్లుగా, కొంచెం దగ్గరగా:

"నాయనా, నువ్వు గూడానా?"

రెండో పాట మొదలై ఆ గొంతును కప్పేసింది. పూలు ఇంకా రాలుతూనే ఉన్నాయి.

కింది పట్టీ. మాటల పట్టీ. బొమ్మ మీద పూలు కప్పాను, మాటను తీయడం మరిచిపోయాను. అది నేను దయతలచి చేసింది కాదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పని రాక చేసిన తప్పు. అదే పెండ్లి ఇంకో సంవత్సరం తర్వాత నా చేతికి వచ్చి ఉంటే శుభ్రంగా తుడిచేసి ఉండేదాన్ని, ఖాదర్ మామ మెచ్చుకుని ఉండేవాడు, పులివెందులలో ఆ ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు అన్నాలయ్యాక వినడానికి ఏమీ ఉండేది కాదు. కొడుకు పేరు పలకనివ్వని ఆ మనిషి, ఇన్నేండ్లూ ఆ ఒక్క పిలుపు కోసం రిమోటు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. భార్య పక్కనే కూర్చుంది. ఇద్దరికీ తెలుసు. ఒకరితో ఒకరు అనుకున్నారో లేదో నాకు తెలియదు.

నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను సీడీ ఆపాను. పెన్‌డ్రైవ్ పెట్టి, ఆ రోజాపూలు తీసేయమన్నావు కదా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఉండనీక్కా. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టాను. కారు తలుపు తెరుచుకుంది, మొదటి రేకు రాలింది. పాట చివరికొస్తుండగా, నాగవేణి చెయ్యి చాపి సౌండు పెంచింది.